అప్పగింత

తడి సున్నపు వాసన ఎక్కడ సోకినా నా మనస్సు దాదాపు నలభై ఏళ్ళు వెనుకకు నడుస్తుంది. ఒక పొడవైన వసారా, ఆ వసారా చివర ఒక గోడ, ఆ గోడ ముందు కుంచె పట్టుకొని నిలుచున్న ఒక స్త్రీమూర్తి, ఆమెకు కొంచెం దూరంగా సున్నపు బాల్చీతో నిలుచున్న మా నాన్న కళ్ళ ముందు కదులుతారు. ఆ ఇద్దరిలో ఒకరు నాకు చిత్రలేఖనం నేర్పిన గురువు. రెండవవారు కూడా నాకు గురువేనని ఆ మొదటి గురువే తెలియజెప్పవలసి వచ్చింది.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడేనికి చేరువలో ఉన్న ఒక చిన్న గ్రామం. మా ప్రాంతంలో మాధవరం పేరు తెలియనివారు ఉండరు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ ఆ ఊరి యువకులు పాల్గొన్నారు. తరతరాలుగా సైన్యంలో చేరడం అక్కడి కుటుంబాలకు ఒక ఆచారమైంది. అందుకే ఆ ఊరిని ‘మిలటరీ మాధవరం’ అంటారు. సెలవు మీద వచ్చిన జవాన్లు భుజాన సంచులతో బస్సు దిగడం, సెలవు ముగిసినవారిని సాగనంపడానికి ఇంటిల్లిపాదీ రోడ్డు దాకా రావడం మాకు చిన్నప్పటి నుండి అలవాటైన దృశ్యాలు.

1986 జూన్ నెలలో నేను తొమ్మిదవ తరగతిలో చేరాను. అంతకు ముందు వేసవిలో మా డ్రాయింగు మాస్టారు పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలో తాత్కాలికంగా ఒక టీచరుగారు వస్తున్నారని విన్నాము. బడి తెరిచిన రోజున ఉదయం ఒక సైకిలు గేటులోనుండి లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళ వయస్సు గల ఒకామె దాని మీద నుండి దిగి, చీర కుచ్చెళ్ళు సవరించుకొని, మమ్మల్ని చూసి నవ్వారు. ఆడవారు సైకిలు తొక్కడం మా ఊరికి అప్పటికి వింత. ఆ రోజు మధ్యాహ్నానికే ఆమెకు ‘మిలటరీ టీచరుగారు’ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆమె పుట్టిల్లు రాజమండ్రి. దామెర్ల రామారావు వంటి చిత్రకారుణ్ణి కన్న ఊరు అది. ఇరవై ఎనిమిదవ ఏటనే కన్నుమూసిన ఆ మహాచిత్రకారుని చిత్రాలను చిన్ననాట తండ్రి చేయి పట్టుకొని చూసి వచ్చి, ఇంటి అరుగు మీద బొగ్గుతో బొమ్మలు వేసేవారట. తరువాత డ్రాయింగు పరీక్షలలో ఉత్తీర్ణులై, టీచరు శిక్షణ కూడా పొందారు. మెట్టినిల్లు మాధవరం. ఆమె భర్త మద్రాసు సాపర్ల దళంలో నాయబ్ సుబేదారు. సేన ముందుకు సాగడానికి నదుల మీద వంతెనలు కట్టడం, దారిలో శత్రువులు పాతిపెట్టిన మందుపాతరలను వెదకి తొలగించడం ఆ దళం పనులలో ముఖ్యమైనవి. పెళ్ళయిన నాటి నుండి ఆమె భర్త వెంట దేశమంతా తిరిగారు. ఆ ఏడాది ఆయనకు హిమాలయ సరిహద్దులకు బదిలీ అయింది. అక్కడికి కుటుంబాలను తీసుకువెళ్ళరాదు. అందువల్ల ఆమె అత్తవారింటికి వచ్చి, ఖాళీగా కూర్చోలేక మా బడిలో ఉద్యోగంలో చేరారు.

అంతవరకు మాకు డ్రాయింగు తరగతి అంటే మామిడికాయ, కుండ, జాతీయ పతాకం. టీచరుగారు వచ్చిన తరువాత ఆ తరగతిలోకి దేశమంతా వచ్చింది. ఆమె వద్ద ఒక నల్లని ట్రంకుపెట్టె ఉండేది. దాని మీద తెల్లరంగుతో భర్త పేరు, నంబరు, హోదా రాసి ఉండేవి. ఒకనాడు ఆ పెట్టెను రిక్షాలో బడికి తెప్పించి మా ముందు తెరిచారు. లోపల ఏమున్నదోనని మేము మెడలు సాచి చూశాము. పెట్టె నిండా కాగితాలు, రంగుల పొట్లాలు, కుంచెలు. అయితే ఆమె చూపదలచినది పెట్టె లోపలి వస్తువులను కాదు, పెట్టె మూతను. మూత లోపలి రేకు మీద గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క చిన్న బొమ్మ వేసి ఉంది. మొత్తం పదకొండు బొమ్మలు. ఆమె కాపురం చేసిన ఇళ్ళు పదకొండు. పన్నెండవ గడి ఖాళీగా ఉంది.

“పాట్నా దగ్గర గంగ ఒడ్డున దానాపూర్ అనే కంటోన్మెంటు ఉంది. అక్కడ మా ఇంటికి మిథిల ప్రాంతం నుండి వచ్చిన ఒక అవ్వ పాలు పోసేది. ఈ తామర తీగ ఆమె నేర్పినది” అని ఒక బొమ్మ మీద వేలు పెట్టారు. మిథిలలో కొత్త దంపతుల గది గోడ మీద తామరలు, వెదురు, చిలుకలు, చేపలు చిత్రించే ఆచారం ఉన్నదనీ, ఆ గదిని ‘కోహ్‌బర్ ఘర్’ అంటారనీ చెప్పారు. తల్లులు కూతుళ్ళకు నేర్పగా వచ్చిన ఆ విద్య 1960లలో కరువు రోజుల్లో గోడల మీది నుండి కాగితాల మీదికి దిగి, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిందని కూడా ఆమె నోటనే విన్నాము.

మరొక గడిలో ఎర్రని నేల మీద తెల్లని సన్నని మనుష్యులు చేతులు కలిపి గుండ్రంగా నాట్యం చేస్తున్నారు. అది నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో ఉన్నప్పుడు నేర్చుకున్న వార్లీ చిత్రం. “రెండు త్రికోణాలు కొనలు కలిపితే మనిషి. ఒక వలయం గీస్తే సూర్యుడు. ఇంకేమీ అక్కరలేదు. బియ్యపు పిండి నీళ్ళలో కలుపుకొని, వెదురు పుల్ల కొన నమిలి కుంచె చేసుకుంటారు” అన్నారు. ఇంకొక గడిలో మట్టితో చేసిన నగిషీల నడుమ చిన్న చిన్న అద్దపు ముక్కలు మెరుస్తున్నాయి. అది కచ్ ప్రాంతంలోని భుజ్‌లో నేర్చుకున్న పని. అక్కడి గుండ్రని మట్టి ఇళ్ళలో ఒక్క దీపం వెలిగిస్తే గోడలనిండా వంద దీపాలు కనబడతాయట.

“టీచరుగారండీ, ఇవన్నీ గోడ బొమ్మలే కదండీ. మీరు కూడా మీ ఇళ్ళ గోడల మీద వేసేవారాండీ?” అని ఒక అమ్మాయి అడిగింది.

“వేశాను. ఉన్న ప్రతి ఇంట్లోనూ వేశాను.”

“ఇప్పుడు అవి అక్కడ ఉన్నాయాండీ?”

“లేవు. బదిలీ అయితే ఇల్లు ఖాళీ చేసి అప్పగించాలి. అప్పగించేటప్పుడు గోడలు తెల్లగా ఉండాలి. మేము వెళ్ళేముందు నేనే సున్నం వేయించి వచ్చేదాన్ని. అందుకే ఒక్కొక్క ఇంటి గుర్తుగా ఒక్కొక్క బొమ్మను ఈ మూత మీద దాచుకున్నాను.”

మేమందరం నొచ్చుకున్నాము. రెండు మూడేళ్ళలో చెరిపివేయక తప్పదని తెలిసి కూడా రాత్రులు మేలుకొని గోడ నిండా బొమ్మలు వేయడం ఎందుకో మాకు అర్థం కాలేదు. ఆమె మా సందేహాన్ని గ్రహించి, “మీ అమ్మలు రోజూ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తారు కదా! సాయంకాలానికి చెదిరిపోతుందని మానుకున్నారా?” అని మాత్రం అన్నారు.

నా సంగతి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. మా నాన్న ఊళ్ళో సున్నాలు వేసేవాడు. సంక్రాంతికి ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయనకు తీరిక ఉండేది కాదు. చేతులు సున్నానికి పగిలి, వేళ్ళ సందులలో తెల్లని చారలు పడి ఉండేవి. తోటి విద్యార్థులు కొందరు నన్ను ‘సున్నపు బాల్చీ’ అని పిలిచేవారు. ఆ మాట నాకు ములుకులా గుచ్చుకునేది. దారిలో నాన్న నిచ్చెన మోసుకొని ఎదురైతే పక్క సందులోకి తప్పుకున్న రోజులు ఉన్నాయి.

టీచరుగారు వచ్చిన కొత్తలో ‘మా ఇంటి పెద్దలు చేసే పని’ అనే విషయం ఇచ్చి బొమ్మ వేయమన్నారు. నేను అరక దున్నుతున్న రైతును వేసి, ‘మా నాన్న’ అని కింద రాశాను. మాకు సెంటు భూమి కూడా లేదు. టీచరుగారు నా బొమ్మను చాలాసేపు చూసి, “ఎద్దుల కాళ్ళు చక్కగా కుదిరాయి నాయనా!” అని తిరిగి ఇచ్చారు.

1987 ఆగస్టు 15 నాటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళు పూర్తయ్యాయి. ఆ సందర్భంగా బడి వసారా చివరి గోడ మీద ఒక పెద్ద చిత్రం వేయాలని టీచరుగారు సంకల్పించారు. ప్రధానోపాధ్యాయులు సమ్మతించారు. జాతీయ నాయకుల బొమ్మలు వేస్తారని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం, “నాయకుల పటాలు తరగతులలో ఉన్నాయి. ఈ గోడ మీద మన ఊరిని వేద్దాము. ఒక్కొక్కరు ఒక్కొక్క దృశ్యాన్ని చూసి రండి. చూడనిది వేయవద్దు” అన్నారు.

వానలు తగ్గి, దసరా సెలవులు ముగిసిన తరువాత పని మొదలైంది. ముందుగా గోడను సిద్ధం చేయాలి. అందుకు బడివారు పిలిపించినది మా నాన్ననే. ఆ ఉదయం నేను జ్వరమని చెప్పి ఇంట్లో పడుకోవాలనుకున్నాను. సాగలేదు. నాన్న నిచ్చెన, బాల్చీ, కొబ్బరి పీచుతో కట్టిన కుంచె తీసుకొని వసారాలోకి రాగానే నేను తల వంచుకొని పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

“నమస్కారం మేస్త్రిగారూ!” అన్న మాట వినబడి తల ఎత్తాను. టీచరుగారు రెండు చేతులూ జోడించి నిలుచున్నారు. మా నాన్నను అంతవరకు అంత మర్యాదగా పిలిచినవారిని నేను చూడలేదు. ఆమె ఆయనను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. గుల్లసున్నం మంచిదా, రాతిసున్నం మంచిదా? ఎన్నాళ్ళు నానబెట్టాలి? జిగురుకు ఏమి కలుపుతారు? నాన్న మొదట బిడియపడి, తరువాత మెల్లగా చెప్పసాగాడు. గుల్ల నీళ్ళలో పడగానే కుతకుత ఉడుకుతుంది, అప్పుడు దగ్గర ఉండకూడదు. మూడు రోజులు మాగనిచ్చి పాత పంచెలో వడగట్టాలి. గంజి, తుమ్మజిగురు కలిపితే చేతికి అంటదు. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు కంటికి చల్లగా ఉంటుంది. మొదటి పూత అడ్డంగా, రెండవ పూత నిలువుగా వేయాలి. తడి మీద మాసినట్లు కనబడినా ఆరేకొద్దీ తెల్లబడుతుంది.

టీచరుగారు అవన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. తరువాత మా వైపు తిరిగి, “విన్నారా? ఆరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. ఆ రాయి మీదనే మన బొమ్మ నిలుస్తుంది. గోడ ఉంటేనే బొమ్మ అని పెద్దలన్నారు. ఈ చిత్రంలో మొదటి చేయి మేస్త్రిగారిది” అన్నారు. ఆ మేస్త్రిగారు నాకు ఏమవుతారో ఆమెకు ఎప్పుడో తెలుసు. అయినా ఆ రోజు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

కావిరాయి నూరి ఎరుపు, దీపపు మసితో నలుపు, నీలిమందుతో నీలం సిద్ధం చేసుకున్నాము. రోజూ చివరి పీరియడు తరువాత గంటసేపు పని. కాలువ, కాలువ మీద గడ్డి పడవ, కోతకు వచ్చిన చేలు, కొల్లేటి వైపు ఎగిరిపోయే కొంగలు, సంతలో గాజులమ్మే అవ్వ ఒక్కరొక్కరుగా గోడ మీదికి వచ్చారు. బస్సు కోసం నిలుచున్న ఒక జవానును, అతని సంచి పట్టుకొని నిలుచున్న చిన్న పిల్లను టీచరుగారే వేశారు.

ఆ రోజులలోనే ఆమెకు ఉత్తరాలు రావడం ఆగిపోయింది. 1987 జూలై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరి, మన శాంతి దళం ఆ ద్వీపానికి వెళ్ళింది. ఆమె భర్త ఉన్న దళమూ అందులో ఉంది. అంతకు ముందు సరిహద్దు నుండి ఆయన ఉత్తరాలు నెలకు రెండైనా వచ్చేవి. వాటి మీద ఊరి పేరు ఉండేది కాదు. పేరు, నంబరు, దళం, ‘56 ఏ.పి.ఓ.’ అనే అక్షరాలు మాత్రమే ఉండేవి. సైనికుడు ఎక్కడ ఉన్నాడో ఉత్తరం చెప్పకూడదు. “ఊరు పేరు లేకపోయినా ఉత్తరం చేరుతుంది. దేశంలో నాకు ఇదొక్కటే వింతగా తోస్తుంది” అని ఆమె నవ్వేవారు. అక్టోబరు రెండవ వారంలో జాఫ్నాలో పోరాటం మొదలైందని ఆకాశవాణిలో విన్నాము. ఆ తరువాత ఆరు వారాలు ఒక్క ఉత్తరమూ లేదు.

టీచరుగారు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. పోస్టుమాను బడి గేటు దగ్గర ఆగిన ప్రతిసారీ ఆమె చేతిలోని కుంచె ఒక్క క్షణం ఆగేది. అతడు తల అడ్డంగా ఊపగానే మళ్ళీ కదిలేది. ఒకనాడు మా నాన్న ఏదో పని మీద బడికి వచ్చి, వసారాలో నిలబడి, “అమ్మగారండీ, మనసు బాగోనప్పుడు చెయ్యి ఎలా ఆడుతుందండీ?” అని అడిగాడు. “ఆడించకపోతే మనస్సు ఇంకా పాడవుతుంది మేస్త్రిగారూ! ఆయన అక్కడ తన పని చేస్తున్నారు, నేను ఇక్కడ నా పని చేస్తున్నాను. ఇద్దరం పనిలో ఉంటే ఒకేచోట ఉన్నట్లు ఉంటుంది” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు వణికింది. అంతకు మించి ఆమె దుఃఖం మా కంటపడలేదు.

డిసెంబరు మొదటి వారంలో తంతి వచ్చింది. మందుపాతర పేలి ఆమె భర్త ఎడమ పాదం పోయింది. ప్రాణానికి అపాయం లేదు. పుణె సైనిక ఆసుపత్రికి తరలిస్తున్నారు. టీచరుగారు రెండు రోజులలో ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు బడికి వచ్చి, మాకు కుంచెలు పంచి, గోడను ఒకసారి చేతితో తడిమారు. గోడకు కుడి వైపున మూరెడు మేర తెల్లగా మిగిలిపోయింది. “దాన్ని మీరు పూర్తి చేయండి” అని చెప్పి వెళ్ళిపోయారు. మేము పూర్తి చేయలేకపోయాము. ఆమె లేకుండా ఎవరికీ చేయి రాలేదు.

1988 ఫిబ్రవరిలో పదవ తరగతి పరీక్షలకు బడిని సిద్ధం చేస్తూ, మొత్తం భవనానికి సున్నం వేయాలని నిర్ణయించారు. వసారా గోడ కూడా అందులో ఉంది. పని మా నాన్నకే అప్పగించారు. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను నాన్న కాళ్ళ మీద పడ్డాను. “ఆ ఒక్క గోడ వదిలెయ్ నాన్నా! వాళ్ళు ఒప్పుకోకపోతే పని మానెయ్” అన్నాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అన్ని గోడలకూ వేసి, ఆ గోడను చివరికి ఉంచాడు. సాయంకాలం వరకు దాని ముందు కూర్చున్నాడు. చీకటి పడే వేళకు లేచి, అడ్డంగా ఒక పూత, మరునాడు నిలువుగా ఒక పూత వేశాడు. కాలువ, పడవ, కొంగలు, జవాను, జవాను సంచి పట్టుకున్న పిల్ల అన్నీ తెల్లని పూత కిందికి వెళ్ళిపోయాయి.

నేను మా నాన్నతో మాట్లాడడం మానేశాను. ఆయన ఎదురుగా కూర్చొని అన్నం తినలేదు. ఆ చేతుల వైపు చూడడానికే నాకు మనస్కరించలేదు. టీచరుగారి పుణె చిరునామా సంపాదించి, మా నాన్న మీ బొమ్మను చెరిపివేశాడని, ఆయన కొడుకుగా పుట్టినందుకు సిగ్గుపడుతున్నానని ఉత్తరం రాశాను. ఆ వాక్యం రాసిన చేయి నాదే. ఇప్పటికీ అది తలపునకు వస్తే నా చేతిని నేను దాచుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ ఉత్తరంలోని మాటలు నాకు కంఠస్థం.

“నాయనా! నీ ఉత్తరం చేరింది. ఇక్కడి కృత్రిమ అవయవ కేంద్రంలో ఆయనకు కొత్త కాలు అమర్చారు. నిన్న పది అడుగులు వేశారు. గోడ గురించి రాశావు. ఆ గోడకు సున్నం వేయమని మీ నాన్నగారిని కోరింది నేనే. పరీక్షల ముందు బడికి వెల్ల వేయిస్తారని నాకు తెలుసు. ఇంకెవరైనా అయితే పాత రంగులను ఇనుప రేకుతో గీకి వేస్తారు. గీకకుండా, నొప్పించకుండా పూత వేయగలిగినవారు మీ నాన్నగారు ఒక్కరే. అందుకే వెళ్ళేరోజున మీ ఇంటికి వచ్చి ఆయన చేత మాట తీసుకున్నాను. నువ్వు అప్పుడు ఇంట్లో లేవు. ఇంతవరకు పదకొండు ఇళ్ళు తెల్లగోడలతో అప్పగించాను. పన్నెండవది అప్పగించడానికి నేను అక్కడ లేను. ఆ పని నా బదులు ఆయన చేశారు. ఆయన చేయి వేసిన పూత కింద మన ఊరు భద్రంగా ఉంటుంది. మా పెట్టె మూతలో ఖాళీగా ఉన్న గడిలో మీ ఊరి గుర్తుగా ఒక బొమ్మ వేశాను. దాని నకలు పంపుతున్నాను. నువ్వు తొమ్మిదవ తరగతిలో వేయవలసిన బొమ్మ అది.”

కవరులో పోస్టుకార్డు అంత కాగితం ఉంది. ఎర్రని కావి పూత మీద, రెండు త్రికోణాలతో వేసిన ఒక మనిషి నిచ్చెన మీద నిలుచుని ఉన్నాడు. చేతిలో కుంచె, నిచ్చెనకు వేలాడుతున్న బాల్చీ, ఎదురుగా ఒక తెల్లని గోడ. నిచ్చెన కింద, దానిని రెండు చేతులతో పట్టుకొని ఒక చిన్న పిల్లవాడు.

ఆ రాత్రి నాన్న పని నుండి వచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను దగ్గరకు వెళ్ళి ఉత్తరం చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. “ముందే నాకెందుకు చెప్పలేదు నాన్నా?” అని అడిగాను.

“చెబితే నీ కోపం ఆవిడ మీదికి పోతుంది కదరా! అసలే కష్టంలో ఉన్న మనిషి. నా మీద అంటావా, కన్నవాణ్ణి. ఎన్నాళ్ళుంటుందిలే” అన్నాడు.

నేను చెంబుతో నీళ్ళు వంచుతూ ఉండగా ఆయన వేళ్ళ సందులలోని సున్నం కరిగిపోయేంతవరకు అక్కడే నిలుచున్నాను. తరువాత వచ్చిన సెలవులలో నిచ్చెన పట్టుకోవడానికి ఆయన వెంట వెళ్ళాను. దారిలో ఎవరు ఎదురైనా తప్పుకోలేదు.

నేను చిత్రకారుణ్ణి కాలేదు. తెలుగు చదువుకున్నాను. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేస్తున్న రోజులలో ‘క్రీడాభిరామం’ చదువుతూ ఓరుగల్లులో మాచల్దేవి చిత్రశాల వర్ణన దగ్గర ఆగిపోయాను. కాకతీయుల నాటి ఆ చిత్రశాల గోడ ఒక్కటి కూడా నేడు మనకు మిగలలేదు. ఆ బొమ్మలు వేసిన చేతులు ఎవరివో తెలియదు, ఆ గోడలకు సున్నం పూసినవారి సంగతి అసలే తెలియదు. ఎవరో ఒక కవి చూసి చెప్పినందువల్ల అవి మన మనస్సులలో ఉన్నాయి. చూసినవాడు చెప్పడం కూడా ఒక బాధ్యత అని నాకు ఆనాడు తోచింది.

2015లో మరొక వార్త చదివాను. మిథిల చిత్రకళలో ప్రసిద్ధురాలు, 1984లో పద్మశ్రీ పొందిన గంగాదేవి తన చివరి రోజులలో ఢిల్లీలోని ఒక ప్రదర్శనశాల గోడల మీద కోహ్‌బర్ ఘర్‌ను చిత్రించారు. ఆమె 1991లో మరణించారు. భవనాన్ని బాగుచేసే సందర్భంలో ఆ చిత్రం మీద వెల్ల పడిందట. కళాప్రియులెందరో బాధపడ్డారు. నేనూ బాధపడ్డాను. అయితే ఆ రోజు నాకు టీచరుగారి మాట ఒకటి కొత్తగా అర్థమైంది. తనది తాను అప్పగించడం వేరు, అడగకుండా చెరిపివేయడం వేరు. మొదటిది మర్యాద, రెండవది అపరాధం. మా గోడకు మా నాన్న వేసిన పూతలో ఆ మర్యాద ఉంది.

టీచరుగారు పుణెలోనే స్థిరపడి, చాలా ఏళ్ళు పిల్లలకు చిత్రలేఖనం నేర్పారు. ఏటా సంక్రాంతికి ఆమె నుండి చేతితో బొమ్మ వేసిన కార్డు వచ్చేది. ప్రతి కార్డులోనూ ‘మేస్త్రిగారికి నమస్కారాలు’ అనే మాట తప్పక ఉండేది. మా నాన్న 2003లో పోయాడు. ఆ తరువాత కూడా ఆమె ఆ మాట రాయడం మానలేదు. 2012లో ఆ కార్డులు ఆగిపోయాయి.

నేను అధ్యాపక వృత్తిలోకి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇంటర్మీడియట్ విద్యార్థులు మా దగ్గర ఉండేది రెండేళ్ళు. పేర్లు, ముఖాలు, చేతిరాతలు గుర్తుపట్టే వేళకు వెళ్ళిపోతారు. వారి మనస్సుల మీద మేము వేసిన బొమ్మల మీద తరువాతి జీవితం ఎన్నో పూతలు వేస్తుంది. కొత్తలో నాకు అది బాధగా ఉండేది. ఇప్పుడు లేదు. ఏటా చివరి తరగతి ముగిసిన తరువాత నల్లబల్లను నేనే శుభ్రంగా తుడుస్తాను. “మేము తుడుస్తాము సార్!” అని పిల్లలు లేచి వస్తారు. వద్దంటాను. అప్పుడు వారికి నా పుస్తకంలో దాచుకున్న ఆ చిన్న కాగితాన్ని చూపిస్తాను. అంచులు నలిగాయి, కావిరంగు కొంత వెలిసింది.

“ఇది ఎవరి బొమ్మ సార్?” అని అడుగుతారు.

“మా నాన్న. సున్నాలు వేసేవాడు” అని చెబుతాను.